రొయ్యల రేటు చూసిన సంగతి ఎంతమందికి తెలిసింది?

మా బావకి మొగల్తూరు వైపు వనామి రొయ్యల చెరువులున్నాయి. పొద్దున్నే మేత చల్లించాక ఆయన చేసే మొదటి పని ఫోన్‌లో రేటు చూసుకోవడం. 100 కౌంట్ ఎంతుంది, 40 కౌంట్ ఎంతుంది అని. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. సైజు పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. సంక్రాంతి వెళ్లిన వారానికి ఓ మధ్యాహ్నం పాలకొల్లులో నా నెట్ సెంటర్‌కి వచ్చి, ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు: “ఒరేయ్, ఇది మన మాటలు వింటోందిరా.”

సంగతేంటంటే, ముందురోజు ఆయన ఏరేటర్ల ధరలు, అంటే చెరువు నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాల ధరలు, చూశాడు. తెల్లారేసరికి క్రికెట్ స్కోరు పక్కన ఏరేటర్, వార్తల మధ్యలో ఏరేటర్, చివరికి రాశిఫలాల కింద కూడా ఏరేటరే. “మీ అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు” అంటాడు. అక్కని అనుమానించలేక ఫోన్ మైకుని అనుమానించాడు.

“వినాల్సిన పనేం ఉంది బావా, నువ్వే చెప్పి వచ్చావు” అని, సెంటర్‌లో ఖాళీగా ఉన్న కంప్యూటర్ మీద ఆయన రోజూ చూసే రేట్ల పేజీ తెరిచాను. పక్కనే ఇంకో విండోలో ఎక్స్‌టెన్షన్ లాగ్ పెట్టాను. ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, లాగ్ అంటే అది వరసగా రాసుకునే చిట్టా. పేజీ తెరుచుకున్న నాలుగైదు సెకన్లలో ఆ లాగ్‌లో వరసలు జరజరా దిగాయి. వంద దాటాక బావ లెక్కపెట్టడం మానేసి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆ వరసలు ఏంటి, వాటిని ఎలా చదవాలి, ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు అని ఆయనకి ఆ పూటంతా చెప్పిందే ఇక్కడ కాస్త ఒద్దికగా రాస్తున్నాను.

మనం అడ్రసు కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ మొత్తం ఒకే చోటు నుంచి ఒకే ముద్దగా వస్తుందని చాలామంది అనుకుంటారు. ముందుగా వచ్చేది ఒక్క ఫైలు. అందులో అక్షరాలు కొన్ని ఉంటాయి, మిగతాదంతా పురమాయింపులు. ఫలానా చోటు నుంచి బొమ్మ తెచ్చుకో, ఫలానా చోటు నుంచి అక్షరాల ఫాంట్ తెచ్చుకో, ఇదిగో స్క్రిప్ట్ అనే ఈ చిన్న ప్రోగ్రామ్ తెచ్చి నడిపించు అని. బ్రౌజర్ చాలా విధేయురాలు, చెప్పినవన్నీ తెస్తుంది. తెచ్చిన స్క్రిప్టులు ఇంకో నాలుగింటిని పురమాయిస్తాయి, ఆ నాలుగూ మరో పదింటిని. ఇలా ఒక్కోసారి బయల్దేరే ప్రతి కోరికనీ రిక్వెస్ట్ అంటారు. లాగ్‌లో ఒక్కో వరస ఒక్కో రిక్వెస్ట్.

ఇందులో కొసమెరుపు ఏంటంటే, ఆ సైటు నడిపే మనిషికి కూడా తన పేజీ ఎవరెవరితో మాట్లాడుతోందో పూర్తిగా తెలియకపోవచ్చు. ఆయన పెట్టుకున్నది ఒక యాడ్ కంపెనీ ఇచ్చిన రెండు లైన్ల కోడ్. ఆ రెండు లైన్ల వెనక జరిగేది వేలం. నరసాపురం రేవులో చేపల పాట చూసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. బుట్ట దింపగానే పాటగాళ్లు చుట్టూ మూగి తలో రేటు అరుస్తారు చూడండి, పేజీలో ఖాళీ యాడ్ డబ్బా కనపడగానే అలాగే యాడ్ కంపెనీలు మూగుతాయి. ఇక్కడ బుట్టలో ఉన్నది మనం. ఏ ఊరి వైపు మనిషి, ఏ ఫోన్, ఏ పేజీ చూస్తున్నాడు, నిన్న ఏం చూశాడు అనే వివరాలు చూసి పాడతారు. అంతా సెకనులో చిన్న వంతు. పాట ఒక్కరే గెలుస్తారు కానీ బుట్టలోకి తొంగిచూసింది అందరూ. లాగ్‌లో కనిపించిన పేర్లలో సగం ఈ పాటగాళ్లవే.

ఇక చూసే పనిముట్ల సంగతి. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. కంప్యూటర్ మీద క్రోమ్‌లో గానీ ఫైర్‌ఫాక్స్‌లో గానీ ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ అనే ట్యాబ్ తెరిస్తే బ్రౌజరే జాబితా చూపిస్తుంది. అది వెబ్‌సైట్లు కట్టేవాళ్ల కోసం పెట్టింది కాబట్టి వివరం ఎక్కువ, చూడగానే తల తిరుగుతుంది. మామూలు మనిషికి అర్థమయ్యేలా చూపించిన వాటిలో నాకు నచ్చింది, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ల లైట్‌బీమ్. కొల్యూజన్ అనే పేరుతో మొదలై, 2013లో లైట్‌బీమ్ అయింది. మనం తెరిచిన సైట్లు గుండ్రాలుగా, వాటి చాటున మాట్లాడేవి త్రికోణాలుగా, మధ్యలో గీతలతో సాలెగూడులా కనిపించేవి. గంటసేపు అటూ ఇటూ సైట్లు చూశాక ఆ బొమ్మ తెరిస్తే, ఒకదానితో ఒకటి ఏ సంబంధం లేని పది గుండ్రాల నుంచి గీతలు వచ్చి ఒకే త్రికోణం దగ్గర కలిసేవి. బావ ఏరేటర్ కథ మొత్తం ఆ బొమ్మలో ఉంది. 2019లో దాన్ని ఆపేశారు.

ఇప్పుడు నేను వాడేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ 2014 నుంచి చేస్తున్నది, ఉచితం, కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు. యాడ్లు ఆపే ఎక్స్‌టెన్షన్ అని అందరికీ తెలుసు కానీ, దాని ఐకాన్ నొక్కితే వచ్చే డబ్బాలో ఈ పేజీ ఎన్ని డొమైన్లని, అంటే ఎన్ని సైటు పేర్లని, పిలవబోయింది, ఎన్నింటితో నిజంగా కలిసింది అన్న లెక్క ఉంటుంది. అందులోంచే లాగర్ అనే ఇంకో విండో తెరవొచ్చు. ఏ క్షణాన, ఏ రకం ఫైలు కోసం, ఎక్కడికి రిక్వెస్ట్ వెళ్లింది, వెళ్లనిచ్చిందా ఆపిందా, ఆపితే ఏ నియమం ప్రకారం ఆపింది, అన్నీ వరసగా రాస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకోవచ్చు. ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకి చోటు లేదు.

బావ మొదట అడిగిన ప్రశ్న మంచిది. “మరి మన కేబుల్ నెట్ కుర్రాడికి కూడా ఇవన్నీ కనిపిస్తాయా?” కనిపించవు. అడ్రసు https అని మొదలయ్యే, అంటే మాటలకి తాళం పడే సైట్లలో, నెట్ ఇచ్చేవాడికి మనం ఏ సైటుకి వెళ్లామో పేరు వరకు తెలుస్తుంది. ఆ సైటులో ఏ పేజీ, ఏం వెతికాం, ఏం రాశాం అనేది తాళం లోపల ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ కూర్చునేది బ్రౌజర్ లోపల, ఇంకా తాళం పడకముందు. అందుకే పూర్తి అడ్రసు, దాని తోకతో సహా కనిపిస్తుంది. అసలు సరుకంతా ఆ తోకలోనే ఉంటుంది, కాబట్టి కాసేపు అక్కడ ఆగుదాం.

రేట్ల పేజీ వరకు యూబ్లాక్ ఆపే పనిని తీసేసి, చూడటం మాత్రం ఉంచి, లాగ్‌లో ఒక వరసని బావకి విడదీసి చూపించాను. సైటుకి వచ్చేవాళ్ల లెక్కలు చెప్పే గూగుల్ అనలిటిక్స్‌కి వెళ్తున్న రిక్వెస్ట్ అది. అడ్రసు మధ్యలో ప్రశ్నార్థకం గుర్తు, ఆ తర్వాత పొడుగాటి తోక. అందులో డీఎల్ అనే రెండక్షరాల పక్కన మనం చూస్తున్న పేజీ పూర్తి అడ్రసు. డీటీ పక్కన పేజీ శీర్షిక. డీఆర్ పక్కన, అంతకుముందు ఏ పేజీ నుంచి ఇక్కడికొచ్చామో అది. ఎస్ఆర్ పక్కన స్క్రీన్ సైజు, యూఎల్ పక్కన మన బ్రౌజర్ ఏ భాషలో ఉందో ఆ సంగతి. సీఐడీ పక్కన ఒక పెద్ద అంకె. ఆ అంకె మీద వేలు పెట్టి, “ఇది ఎవరు?” అని అడిగాడు. “ఇదే నువ్వు” అన్నాను. పేరు లేదు, ఊరు లేదు, ఆ సైటు వరకు ఆయన అదే అంకె. రేపు ఇదే బ్రౌజర్‌లో మళ్లీ వస్తే అదే అంకె వెళ్తుంది, నిన్నటి మనిషే ఈ మనిషి అని తెలుస్తుంది.

ఇంకో రకం వరసలు కూడా ఉన్నాయి, బొమ్మ అని రాసి ఉంటుంది కానీ పేజీలో ఎంత వెతికినా ఆ బొమ్మ కనపడదు. పొడవు ఒక్క చుక్క, వెడల్పు ఒక్క చుక్క, రంగు లేదు. ఫైలు బరువు 50 బైట్లు కూడా ఉండదు. దీన్ని పిక్సెల్ అంటారు. బొమ్మ చూపించడం దాని ఉద్దేశం కాదు. బొమ్మ కావాలని అడగడానికి మన బ్రౌజర్ అవతలి సర్వర్ గుమ్మం దాకా వెళ్తుంది కదా, అప్పుడు కుకీ కూడా పట్టుకెళ్తుంది, అదీ కావాల్సింది. ఆ కుకీ అనేదాన్ని 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లి తయారుచేశాడు. కొనుగోలుదారుడు బుట్టలో ఏం వేశాడో సైటు గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చిన చిన్న చీటీ అది. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఊరంతా వెంటపడుతున్నారు.

ఏరేటర్ ఎలా వెంటపడిందో కూడా లాగ్‌లోనే పట్టుకోవచ్చు. ఏరేటర్లు అమ్మే సైటులో ఒక యాడ్ కంపెనీ పిక్సెల్ ఉంది. క్రికెట్ స్కోరు సైటులోనూ అదే కంపెనీ స్క్రిప్ట్ ఉంది. రెండు చోట్లా ఒకే కుకీ వెళ్తుంది. అంతే, కలిసిపోయారు. ఇద్దరు యాడ్ కంపెనీల వాళ్లు వేర్వేరు అంకెలు పెట్టుకుంటే అవి కలుపుకునే పద్ధతి ఇంకోటుంది. మొదటి కంపెనీ దగ్గరికి వెళ్లిన రిక్వెస్ట్‌ని అది 302 అనే జవాబుతో రెండో కంపెనీ దగ్గరికి పంపిస్తుంది, పంపేటప్పుడు తన అంకెని అడ్రసు తోకకి కట్టి మరీ పంపిస్తుంది. ఎఫ్12 జాబితాలో 302, 302, 302 అని ఒకదాని కింద ఒకటి కనిపిస్తే వీళ్లు చీటీలు మార్చుకుంటున్నారని అర్థం.

నా సెంటర్‌లో ఈ చీటీల వల్ల ఒక తమాషా కూడా జరిగేది. పొద్దున కొబ్బరి పీచు వ్యాపారి కూర్చున్న సిస్టమ్ మీద మధ్యాహ్నం నీట్ కోచింగ్ పిల్ల కూర్చుంటుంది, సాయంత్రం పెళ్లి సంబంధాలు వెతికే పెద్దాయన. ముగ్గురికీ కలిపి ఒకటే కుకీ. ఆ కంప్యూటర్‌ని యాడ్ కంపెనీలు ఏ మనిషి అనుకున్నాయో తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు మాత్రం ఒక కస్టమర్ లేవగానే అన్నీ తుడిచేలా పెట్టాను. నవ్వు సంగతి సరే, అవతలి మనిషి లాగిన్లు కూడా అలాగే మిగిలిపోతే నవ్వడానికేం ఉండదు.

జాబితా చూడగానే చాలామంది చేసే పొరపాటు, బయటి పేరు కనిపిస్తే దొంగ అనేయడం. సైటు సొంత డొమైన్‌కి వెళ్లేవి ఫస్ట్ పార్టీ, వేరే డొమైన్‌కి వెళ్లేవి థర్డ్ పార్టీ అని లెక్క. ఆ లెక్క పేరుని బట్టే, మనిషిని బట్టి కాదు. జీస్టాటిక్ అనే పేరు చూస్తే ఎవరో అనిపిస్తుంది, అది గూగుల్‌దే. ఎఫ్‌బీసీడీఎన్ ఫేస్‌బుక్‌ది, వైటీఇమేజ్ తరహాలో ఉండే వైటీఐఎంజీ యూట్యూబ్‌ది. సొంత బొమ్మల్ని, వీడియోల్ని వేరే పేరు మీద ఉంచుకోవడం పెద్ద సైట్లకి మామూలు. మన ఇంటికి పక్క వీధిలో గొడౌన్ ఉన్నట్టు.

అలాగని అమాయకంగా కనిపించేవన్నీ అమాయకం అనీ కాదు. గూగుల్ ఫాంట్లు అని ఒక సదుపాయం ఉంది, అక్షరాలు అందంగా కనపడటానికి ఎన్నో సైట్లు వాడతాయి. ఫాంట్ తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు మన ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు, అవతలికి తెలుస్తుంది, తెలియకుండా తేవడం కుదరదు. దీని మీద జర్మనీలోని మ్యూనిక్ కోర్టు 2022 జనవరిలో తీర్పిచ్చింది. చూసేవాళ్ల అనుమతి లేకుండా వాళ్ల ఐపీ అడ్రసు గూగుల్‌కి చేరేలా చేసినందుకు సైటు యజమాని 100 యూరోలు కట్టాలి అని. ఫాంట్ వాడొద్దనలేదు, సొంత సర్వర్ మీద పెట్టుకుని వాడుకోవచ్చు కదా అన్నది. మన దగ్గర 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అనుమతి అన్న మాట దాని గుండెకాయ. ఒక ఫాంట్ దాకా లాగి అడిగిన కేసు మాత్రం నా చెవిన పడలేదు.

మరి దేన్ని చూసి అనుమానించాలి? నేను మూడు చూస్తాను. మొదటిది సమయం. పేజీ తెరిచేటప్పుడు రిక్వెస్టులు రావడం సహజం. మనం ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నా పది సెకన్లకోసారి ఒకే చోటికి వరస పడుతుంటే, మనం ఎంతసేపు చూస్తున్నాం, ఎక్కడిదాకా జరిపాం అని ఎవరో కొలుస్తుండొచ్చు. ట్యాబ్ మూసేశాక కూడా ఒక వరస పడుతుంది, పింగ్ అనో బీకన్ అనో రాసి ఉంటుంది. బస్సు దిగాక కండక్టర్ టికెట్ చింపి చూసుకున్నట్టు, పోయేవాడి చివరి సమాచారం అది. రెండోది తోక పొడవు. ఏమీ అడగని పేజీలో పేరాగ్రాఫంత పొడవున్న తోక వెళ్తుంటే విప్పి చూడాల్సిందే.

మూడోదే నన్ను బాగా భయపెట్టేది. అది టైపు చేస్తున్నప్పుడు పడే వరస. బావ పదిహేను రోజుల కిందట ఏదో సైటులో మేత ధర తెలుసుకుందామని ఫోన్ నంబరు సగం కొట్టి, ఎందుకొచ్చిన గొడవ అని వదిలేశానన్నాడు. సబ్మిట్ నొక్కలేదు కాబట్టి వెళ్లలేదు అని ఆయన ధీమా. సబ్మిట్ నొక్కేదాకా ఆగని స్క్రిప్టులు ఉన్నాయి. యూరప్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లక్ష ప్రసిద్ధ సైట్లని పరీక్షించి, 2022లో ఫలితాలు బయటపెట్టారు. యూరప్ నుంచి చూసినప్పుడు 1,844 సైట్లలో, అమెరికా నుంచి చూసినప్పుడు 2,950 సైట్లలో, సబ్మిట్ నొక్కకముందే ఈమెయిల్ అడ్రసు ట్రాకర్ల దగ్గరికి, అంటే మన కదలికల్ని గమనించే కంపెనీల దగ్గరికి, చేరింది. వాళ్లు కనిపెట్టింది కూడా ఇలాంటి రిక్వెస్టులని గమనించే. క్రోమ్ ఎఫ్12 జాబితాలో ఒక వరస నొక్కి పేలోడ్ అన్న ట్యాబ్ చూస్తే అవతలికి ఏం వెళ్లిందో ఉంటుంది. కొన్నిసార్లు మామూలు అక్షరాల్లోనే, చాలాసార్లు గజిబిజి కోడ్‌గా మార్చి. ఒక డబ్బాలో ఉత్తుత్తి ఈమెయిల్ కొట్టి, ఏమీ నొక్కకుండా, కొత్త వరస పడుతుందేమో చూడండి. ఐదు నిమిషాల పని.

చూడటంతో ఊరుకోకుండా ఆపడం మొదలెడితే వచ్చే తిప్పలు వేరు. ఇది నా సొంత గొప్ప. యూబ్లాక్‌లో ముదురు వాడకందారుల కోసం ఒక సెట్టింగ్ ఉంది, అది పెడితే డొమైన్ల పట్టిక వస్తుంది, పేరు పక్కన ఎరుపు నొక్కితే ఆ పేరుతో మాటలు బంద్. కొత్త మోజులో సెంటర్‌లో అన్ని సిస్టమ్స్ మీదా థర్డ్ పార్టీ స్క్రిప్టులన్నీ ఎర్రగా చేసి పడేశాను. మర్నాడు ఒక పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. పిల్లలు వరసగా నిలబడ్డారు. వివరాలన్నీ కొట్టాక, కింద, మనం మనిషే అని రుజువు చేసుకునే క్యాప్చా ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. నెట్ సెంటర్ వాళ్లకి ఇలాంటప్పుడు ఒకటే మంత్రం. “సర్వర్ డౌన్ అండి, సాయంత్రం రండి” అన్నాను. ఇద్దరు వెళ్లి పక్క వీధిలో ఇంకో సెంటర్‌లో పది నిమిషాల్లో ఫీజు కట్టి, రసీదు పట్టుకుని నా ముందు నుంచే నడిచి వెళ్లారు. అక్కడ సర్వర్ అప్‌లో ఉంది మరి. లాగ్ తెరిచి చూస్తే ఎర్ర వరస: క్యాప్చా వేరే డొమైన్ నుంచి వస్తుంది, నేనే ఆపాను. దాని కింద పేమెంట్ గేట్‌వే కూడా ఎర్రగానే ఉంది, క్యాప్చా దాటినా అక్కడ ఆగేది. అప్పట్నుంచి డబ్బు కట్టే పేజీల్లో నేను చూస్తాను గానీ చెయ్యి పెట్టను.

ఇన్ని చూపించే లాగ్ కూడా కొన్ని చూపించలేదు. యాడ్లు ఆపే ఎక్స్‌టెన్షన్ నడుస్తుండగా చూస్తే జాబితా పొట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే మొదటి స్క్రిప్ట్ ఆగిపోతే అది పిలవాల్సిన పదీ అసలు పుట్టవు. పేజీ నిజ స్వరూపం చూడాలంటే ఏ ఎక్స్‌టెన్షనూ లేని కొత్త ప్రొఫైల్ తెరిచి ఎఫ్12తో చూడాలి. రెండోసారి తెరిస్తే కొన్ని ఫైళ్లు కంప్యూటర్‌లో దాచుకున్నవే వాడుకుంటుంది, అప్పుడూ లెక్క తప్పుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే మళ్లీ మొదటినుంచి తెస్తుంది. ఫోన్‌లో యాప్‌లు చేసే మాటలు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌కి అసలు తెలియవు. బావ క్రికెట్ యాప్ వాడితే అది ఈ లాగ్‌కి అందదు.

ఇవి చిన్నవి. పెద్ద లోటు రెండు చోట్ల ఉంది. ఒకటి మారుపేరు. సైటు సొంత పేరుకి ముందు ఇంకో ముక్క తగిలించి, దాన్ని డీఎన్ఎస్‌లో, అంటే సైటు పేర్లకి అసలు అడ్రసులు చెప్పే చిట్టాలో, ట్రాకర్ కంపెనీ అడ్రసుకి మళ్లిస్తారు. గుమ్మం మీద ఇంటి నంబరు మనదే, లోపల కాపురం ఉండేది ఇంకొకరు. లాగ్‌లో చూస్తే ఫస్ట్ పార్టీ అని మర్యాదగా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లకి డీఎన్ఎస్ అడిగి చూసే వీలిస్తుంది కాబట్టి, అక్కడ యూబ్లాక్ 2020 నుంచి ఆ మారుపేరు వెనక అసలు పేరు బయటపెడుతోంది. క్రోమ్‌లో ఆ వీలు లేదు.

రెండోదానికి మందు లేదు. సమాచారం ముందు సైటు సొంత సర్వర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి ఆ సర్వరే యాడ్ కంపెనీలకి పంపుతుంది. ఆ రెండో ప్రయాణం మన బ్రౌజర్‌లో జరగదు కాబట్టి ఏ ఎక్స్‌టెన్షనూ చూడలేదు. దీన్ని బావకి చెప్పడానికి లస్కరు పనికొచ్చాడు. కాలువ మీద లస్కరు తూము దగ్గర నిలబడి ఎంత నీరు వదిలిందీ చెప్పగలడు. బోదెలోకి దిగాక ఆ నీరు వరి చేలోకి పోయిందా, గట్టు వెనక రొయ్యల చెరువులోకి మళ్లిందా అన్నది తూము దగ్గర తెలియదు. బావ కాస్త నొచ్చుకున్నట్టు చూసి, “మా చెరువుకి బోరు ఉందిలే” అన్నాడు.

ఇక కాపలా కుక్క సంగతి, అంటే ఎక్స్‌టెన్షన్ సంగతే. రిక్వెస్టులన్నీ చూడాలంటే ఎక్స్‌టెన్షన్‌కి ఒక అనుమతి కావాలి. పెట్టుకునేటప్పుడు “అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాని చదవగలదు, మార్చగలదు” అని అడిగేది అదే, మనం చదవకుండా నొక్కేది కూడా అదే. బ్యాంకు పేజీ, డాక్టరు రిపోర్టు, అన్నీ అందులోకి వస్తాయి. ట్రాకర్‌కి తోక మాత్రమే దక్కుతుంది, ఎక్స్‌టెన్షన్‌కి మొత్తం జంతువే దక్కుతుంది. ఇది ఊహ కాదు. 2019లో శామ్ జడాలి అనే పరిశోధకుడు, 8 ఎక్స్‌టెన్షన్లు దాదాపు 40 లక్షల మంది చూసిన పేజీల అడ్రసుల్ని పట్టుకెళ్లి అమ్ముకుంటున్నాయని బయటపెట్టాడు. ఆ అడ్రసుల్లో పన్ను పత్రాల లింకులు కూడా ఉన్నాయి. ద గ్రేట్ సస్పెండర్ అని ట్యాబుల్ని నిద్రపుచ్చే మంచి ఎక్స్‌టెన్షన్ ఉండేది. తయారుచేసినాయన 2020లో ఎవరికో అమ్మేశాడు, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమని తీసేసింది. 20 లక్షలకు పైగా వాడుతున్నారు అప్పటికి. పెట్టుకున్నరోజు మంచిదైతే చాలదు, చేతులు మారితే మనకి ఎవరూ కబురు చెయ్యరు. అందుకే నా సెంటర్‌లో ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్. నెట్ కనెక్షన్లు చూపిస్తానని చెప్పుకునే కొత్త కొత్తవాటి జోలికి పోను. ఎప్పుడైనా వేరేది పరీక్షించాలనిపిస్తే ఎఫ్12 చాలు, అది బ్రౌజర్ సొంత కన్ను.

క్రోమ్‌లో ఈ మధ్య వచ్చిన మార్పుకి మూలం కూడా ఇక్కడే ఉంది. మ్యానిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకి కొత్త నిబంధనలు తెచ్చింది గూగుల్. ఇదివరకు ప్రతి రిక్వెస్ట్ బయల్దేరేముందు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ని అడిగేది, వెళ్లాలా ఆగాలా అని. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ ముందుగానే నియమాల జాబితా ఇచ్చి పక్కకి జరగాలి, ఆపడం బ్రౌజరే చేస్తుంది. ఆపే ఎక్స్‌టెన్షన్ మన రిక్వెస్టులు చూడక్కర్లేదు కాబట్టి భద్రత అని గూగుల్ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే మన వివరాలు అమ్ముకునే ఎక్స్‌టెన్షన్‌కి కావాల్సింది చూడటమే, ఆపడం కాదు. ఊరికే చూసే అనుమతి కొత్త నిబంధనల్లోనూ అలాగే ఉంది. నష్టపోయింది లోతుగా ఆపగలిగే యూబ్లాక్ లాంటివి. 2024లో మొదలుపెట్టి 2025లో క్రోమ్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసింది. అక్కడ యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలికపాటి రూపం మిగిలింది. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని ఉంచింది. యాడ్లే బతుకుతెరువుగా ఉన్న కంపెనీ యాడ్లు ఆపే పనిముట్టుకి నిబంధనలు రాయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. గూగుల్ మిగతా పనులన్నీ రోజంతా వాడుకుంటూనే ఈ మాట అంటున్నానని కూడా ఒప్పుకుంటాను.

చెప్పడం అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. బావ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ పెట్టాను. రేట్ల పేజీ మళ్లీ తెరిచాడు. యాడ్లు లేక పేజీ క్షవరం చేయించుకున్నట్టు ఉంది. ఐకాన్ నొక్కితే ఎన్ని డొమైన్లు పిలవబోయింది, ఎన్నింటితో కలిసింది అన్న లెక్క వచ్చింది. తృప్తిగా తలాడించాడు. తర్వాత కళ్లద్దాలు పైకి జరిపి పట్టిక దగ్గరగా చూశాడు. మధ్యలో చిన్న అక్షరాల్లో తేదీ ఉంది.

“ఒరేయ్, ఇది మొన్నటి రేటురా.”

అని, ఇంకో ఫోన్ తీసి కమిషన్ ఏజెంటుకి కలిపాడు.